జ్వరాల వరస

మన వైపు నుంచి బిలాస్‌పూర్ వెళ్లేవాళ్లంతా రైల్వే కొలువు కోసమే వెళతారు. ఆ ఊరు చూసి రావడానికి వెళ్లినవాళ్లను నేనెరుగను. మేమూ అందుకు వెళ్లలేదు. మా అమ్మ, నేను ఒక సమాధి కోసం వెళ్లాం. తిరిగి వచ్చిన దగ్గర్నుంచి బళ్లో తోటి పంతులమ్మలు "అక్కడేముంది, ఎలా ఉంటుంది?" అని అడుగుతున్నారు. నోటితో చెప్పబోతే సగంలోనే ఆపేస్తున్నాను. అందుకని రాస్తున్నాను.

మా వైపు అక్కను అప్ప అంటాం. మా అప్ప నరసమ్మ పెళ్లయి బిలాస్‌పూర్ వెళ్లేనాటికి నేను అమ్మ చంకలో పిల్లను. మా బావ అప్పలస్వామి అక్కడ ఇంజను మీద ఫైర్‌మన్. పెద్ద యుద్ధం ముగిసే రోజుల్లో దేశమంతా పాకిన విషజ్వరంలో అప్ప పోయింది. మాకు కబురు అందేసరికి అంతా అయిపోయింది. దహనం చెయ్యకుండా పాతిపెట్టారని కూడా తెలిసింది. మా ఇళ్లలో దహనమే ఆచారం. ఏడాది తిరక్కుండానే బావ మళ్లీ పెళ్లి చేసుకున్నాడని మరో కబురు వచ్చింది. "నా కూతురికి నాలుగు కట్టెలు పేర్చలేనోడు పెళ్లిపందిరి మాత్రం వేయించుకున్నాడు" అని అమ్మ నలుగురిలోనూ అనేది. తర్వాత ఒకసారి బావ విజయనగరం వచ్చి మా గుమ్మంలో నిలబడితే, అమ్మ తలుపు తియ్యలేదు.

మొన్న కార్తీకంలో సెలవు మీద వచ్చిన సింహాచలం రెండు సంగతులు చెప్పాడు. అతను మా వీధివాడే; బిలాస్‌పూర్ లోకో షెడ్డులో పని. వానాకాలంలో మా బావ పోయాడన్నది మొదటిది. రైలు యార్డు పెంచుతున్నారని, శ్మశానం దగ్గర కొన్ని సమాధులు పట్టాల కిందకి పోతాయని, ఎవరివాళ్లను వాళ్లు తీసుకోవచ్చని రైల్వేవాళ్లు చెప్పారన్నది రెండోది. బావ రెండో భార్య పైడమ్మ ఈ మాట మాకు చెప్పి రమ్మందట.

అమ్మ దీపం పెట్టే వేళకు లేచి, "నాను ఎల్తాను. నా పిల్లను నాను తెచ్చుకుంటాను" అంది. ఎముకలు ఏరి తెచ్చి, అప్పకు ఇన్నాళ్లకైనా నిప్పు పెట్టించాలని ఆమె కోరిక.

రాయగడ కొండల్లో

పూర్వం బిలాస్‌పూర్ వెళ్లాలంటే ఖరగ్‌పూర్ చుట్టి పోవాలి. ఇప్పుడు పార్వతీపురం, రాయగడల మీదుగా రాయపూర్‌కి నేరుగా దారి పడింది. సింహాచలం తిరిగి డ్యూటీకి వెళుతూ మమ్మల్ని ఆడవాళ్ల పెట్టెలో కూర్చోబెట్టి, తాను పక్క పెట్టెలో ఎక్కాడు.

పార్వతీపురం దాటగానే కొండలు రెండు వైపుల నుంచీ మీదికి వస్తాయి. సొరంగంలో దూరినప్పుడల్లా పెట్టెలో పిల్లలందరూ ఒక్కసారిగా అరుస్తారు. రాయగడలో ఒక ఒడియా ఇల్లాలు పసుపుకొమ్ముల మూట, సీతాఫలాల బుట్ట పెట్టుకుని ఎక్కింది. ఆ వైపు సీతాఫలాలు చాలా చవక. ఆమె మాకు చెరొకటి ఇచ్చి, అమ్మ ఒళ్లోని కొత్త కుండను చూసి చేతి సైగలతో అందులో ఏముందని అడిగింది. 

"ఇంకా ఏటీ నేదు" అంది అమ్మ.

ఆ ఇల్లాలికి తెలుగు రాదు. ఖాళీదని అర్థం చేసుకుని, దాన్ని తీసుకుని బల్ల కింద భద్రంగా పెట్టింది. టిట్లాగఢ్ దగ్గర బండి కుదుపుకి ఆమె పసుపు మూట జారి కుండ మీద పడింది. కుండ రెండు చెక్కలైంది. ఆమె చెంపలు వేసుకుంటూ సీతాఫలాల బుట్టంతా మా ముందు పెట్టింది. అది దేనికి తెచ్చిన కుండో తెలిస్తే ఇంకెంత బాధపడేదో. అమ్మ మాత్రం అపశకునమని ఏడవలేదు. పెంకులు ఏరి కిటికీలోంచి ఒక్కొక్కటే పారేసింది.

రాయపూర్‌లో బండి మారాం. ప్లాట్‌ఫారం మీద అట్లలాంటివి వేసి అమ్ముతున్నారు. చీలా అంటారు. వట్టి బియ్యప్పిండితో పలచగా పోస్తారు. మినప్పప్పు కలపరు. పచ్చిమిరప నూరిన పచ్చడితో అణాకి రెండు పెట్టారు. మన అట్టుకి ఉండే పులుపు ఉండదు కాని వేడిమీద బాగుంటుంది. అమ్మ ఒక ముక్క కొరికి, "నరసమ్మ ఇదే తినుంటాది" అని మిగతాది నా ఆకులో వేసేసింది.

క్వార్టరు గుమ్మంలో

బిలాస్‌పూర్ స్టేషను దాటగానే ఎర్ర ఇటుకల క్వార్టర్లు వరసలు వరసలుగా కనిపిస్తాయి. పరాయి దేశం వచ్చామనుకుంటూ నడుస్తుంటే ఒక ఇంట్లోంచి "ఏటే, ఇంకా తెమల్నేదేటి?" అని కేక వినబడింది. ఆ వరసలన్నీ మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లవే. అరుగు మీద ఆడవాళ్లు మన మాటే మాట్లాడుకుంటారు. మధ్యలో అచ్ఛా అంటారు. కూరలమ్మితో మాత్రం హిందీలో పోట్లాడతారు.

పైడమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. నలభై నిండని మనిషి. మొహాన బొట్టు లేదు. అమ్మ ఆ చెంబు అందుకోలేదు. పైడమ్మ చెంబు నేల మీద పెట్టి లోపలికి తిరిగి, "నరసూ, చాప తే!" అంది.

అమ్మ చటుక్కున తలెత్తింది. లోపల్నుంచి ఒక పదిహేనేళ్ల పిల్ల చాప తెచ్చి అరుగు మీద పరిచి, అమ్మ వైపు చూసి, "అమ్మమ్మా, బైఠో నా. చాలా దూరం నుంచి వచ్చినావ్ కదా" అంది.

"ఈ పిల్లకి ఆ పేరు ఎవులెట్టినారు?" అని అమ్మ సింహాచలాన్ని అడిగింది.

"ఆయనే ఎట్టినారమ్మా" అని పైడమ్మ జవాబు చెప్పింది. అమ్మ విననట్టే ఉండిపోయింది. ఆ ఇంట్లో అన్నం తిననంది. మూటలోని అటుకులు తడుపుకుని అరుగు మీదే తింది. నేను లోపలికి వెళ్లాను. పొద్దున నరసు నాకు ఉల్లిపాయ నంజుకుని తినే చద్దన్నం పెట్టింది. అక్కడ దాన్ని బాసీ అంటారు. మన తరవాణి అన్నంలో ఉండే వాము, మిరపకాయ వాసన అందులో ఉండవు. "నాన్నకి ఇదే పసంద్, పిన్నీ" అంది నరసు. ఆ పిల్లకి తెలుగు చదవడం రాదు. గోడ మీది బావ ఫొటో కింద రాసిన పేరు నాతో రెండుసార్లు చదివించుకుంది.

గోడ లోపల

సమాధి దగ్గరికి తాను తీసుకెళతానని పైడమ్మ అంది. అమ్మ ఒప్పుకోక, సింహాచలాన్ని వెంటబెట్టుకుని ముందే బయల్దేరింది. 

ఆ శ్మశానం కిరస్తానీలది. చుట్టూ నడుమెత్తు గోడ, ఇనుప గేటు. పట్టాలు వెయ్యక ముందు అక్కడ ఊరనేది పెద్దగా లేదట. ఆ ఊరు ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే గేటు దగ్గర్నుంచి ఆ రాళ్ల మధ్య నడిస్తే చాలు. ముందు వరసలో దారి సర్వే చేసినవాళ్లు, వంతెనలు కట్టినవాళ్లు ఉన్నారు. కలరాతో పోయినవాళ్లే ఎక్కువ. తర్వాత డ్రైవర్లు, గార్డులు. ఒక డ్రైవరు రాయి మీద ఇంజను బొమ్మ చెక్కారు. ఒకే తల్లి పేరు కింద మూడు పసి సమాధులు చూశాను. ఆ తల్లి సమాధి మాత్రం కనబడలేదు. సీమకు వెళ్లిపోయి ఉంటుంది. వెళ్లేటప్పుడు ఆ మూడింటినీ ఎలా వదిలి వెళ్లిందో. వెనక వరసల్లో మన దేశపు కిరస్తానీలు. హిందీ రాళ్లు, అరవ రాళ్లు, తెలుగు రాళ్లు.

కాపలాదారు యోహన్ ఛత్తీస్‌గఢీ కిరస్తానీ, వయసు మళ్లిన మనిషి. సింహాచలం "నరసమ్మ" అనగానే, "తెలుగు బాయీ? ఇధర్, ఇధర్" అని హడావిడిగా వెనక వరసకు తీసుకువెళ్లి ఒక రాయి చూపించాడు. తెలుగు అక్షరాలే. పైభాగం పెచ్చు ఊడి "సమ్మ" అన్నదొక్కటే మిగిలింది.

"మన నరసమ్మదేనేటే?" అని అమ్మ అడిగింది.

"సమ్మ అని ఉందమ్మా" అన్నాను.

అమ్మ ఆ రాయి మీద పడిపోయింది. నా ఎరుకలో ఆమె అప్ప కోసం పైకి ఏడవడం అదే మొదటిసారి. తిట్టడమే విన్నాను. అలవాటైన ఆ తిట్లలో ఒక్కటీ నోట రాలేదు. "ఒలే నరసా, ఒలే నా తల్లా" అంటూ రాయిని నిమిరింది. యోహన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

అప్పుడే గేటులోంచి పైడమ్మ, నరసు వచ్చారు. పైడమ్మ అమ్మను చూసి ఆగిపోయింది. చివరికి దగ్గరకొచ్చి, మెల్లిగా, "అమ్మా, అది కాదమ్మా. అది ఎలీసమ్మది. గార్డుగారి భార్య" అంది.

యోహన్ గాభరాపడి, "అచ్ఛా, వో వాలీ నహీఁ?" అన్నాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగి, ఆ రాయిని తట్టి, "ఏటీ అనుకోకు తల్లీ" అంది. తర్వాత పైడమ్మతో, "నా పిల్ల ఎక్కడుందో సూపించు" అంది. ఆమెతో అమ్మ నేరుగా మాట్లాడిన మొదటి మాట అది.

గోడ బయట

పైడమ్మ మమ్మల్ని గోడ చుట్టూ తిప్పి వెనక్కి తీసుకువెళ్లింది. అక్కడ రాయి లేదు, పేరు లేదు. ఎర్రమట్టి అలలు అలలుగా ఉబ్బి, మీద గడ్డి మొలిచి ఉంది. కొద్ది దూరంలో సున్నం పూసిన గుంజలు పాతి, పట్టాల కమ్మీలు కుప్ప పోశారు. ఆ చోటుని ఊళ్లో మనవాళ్లు జ్వరాల వరస అంటారు. పైడమ్మ ఒక మిట్ట ముందు కూర్చుంది. దాని నెత్తిన ప్రమిద ఉంది, నూనె మరకలు ఉన్నాయి.

"ఇక్కడెందుకు పాతినాడు? కట్టెలు పెట్టడానికి సేతులు రానేదేటి?" అని అమ్మ అడిగింది.

"కట్టెలు ఎక్కడివమ్మా? అడవికెళ్లి కొట్టేవోళ్లే జొరాల్లో పడిపోయినారు. అర్పా నది ఒడ్డున ఇసకలో వొదిలేసి ఎల్లిపోయేవోరు. తెల్లారేసరికి కుక్కలు..." పైడమ్మ నరసు వైపు చూసి ఆగింది. "ఆయన ఆ ఒడ్డు దాకా ఎల్లి, సూసి, వెనక్కి మోసుకొచ్చీసినారు. నా ఇంటిదాన్ని కుక్కలకి వొదల్ను అన్నారు. పాదిరీని బతిమాల్తే, లోపల జాగా నేదు, గోడ బయట తవ్వుకో అన్నాడు. తవ్వేవోళ్లు నేరు. ఇంజన్‌లో బొగ్గు యేసే పార తెచ్చి ఆయనే తవ్వినారు."

"నువ్వు సూసినట్టే సెప్తన్నావేటి?"

"సూసినానమ్మా. ఇక్కడే కూకున్నాను. మా అయ్య ముందే పోయినాడు. మా అమ్మను తోపుడుబండి మీద యేసుకొచ్చి, ఏటి సెయ్యాలో తెలీక కూకున్నాను. ఆయనకీ జొరమే. గొయ్యి తవ్వడం అయ్యాక నా వైపు సూసినారు. ఇంకో గొయ్యి తవ్వే సత్తువ నేదు. మీ అమ్మను నా నరసమ్మ పక్కన పడుకోబెట్టనా అని అడిగినారు. సరే అన్నాను. అంతలో బొగ్గు మోసే సాయిబు ఒకాయన సేతుల్లో సిన్న మూట పట్టుకొచ్చినాడు. ఆయన కూతురు. ఆ పసిదాన్ని వోళ్లిద్దరి మధ్యనా పెట్టినారు."

కుప్పపోసిన కమ్మీల మీద కూలీ ఎవరో సుత్తితో కొడుతున్నాడు.

"అయ్య పోయినాక మా క్వార్టరు ఖాళీ సెయ్యమన్నారమ్మా. నాకు ఎవులూ నేరు. పెళ్లి కాకుండా ఆయనింట్లో ఉంటే లోకం ఊరుకోదు కదా. ఏడాది తిరక్కుండా అంటే అదీ సంగతి."

"ఈ మాట మాకు సెప్పొద్దేటి?" అంది అమ్మ. గొంతులో పస లేదు.

"సెప్పడానికే వచ్చినారు కదమ్మా విజయనగరం" అంది పైడమ్మ. 

ఆమె దెప్పాలని అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మిట్ట పక్కన కూలబడింది. ఆ రోజు అమ్మ ఇంటికి వచ్చి, చెంబు తనే అడిగి తీసుకుని కాళ్లు కడుక్కుని, పైడమ్మ వడ్డించిన అన్నం తింది. తింటూ మధ్యలో ఆగి, "ఎలా పోనాడు?" అని అడిగింది. వానల్లో డ్యూటీ మీద తడిసి ఊపిరితిత్తులు పట్టేశాయని పైడమ్మ చెప్పింది. అర్పా ఒడ్డునే దహనం చేశారట. అప్పటికి ఊళ్లో కట్టెలకు కొదవ లేదు.

తవ్విన రోజు

సింహాచలం ఉస్లాపూర్ నుంచి ఇద్దరు కూలీలను, కొత్త కుండను తెచ్చాడు. అర్పా ఒడ్డున కట్టెలు వేయించాడు. ఎముకలు ఏరుకుని నేరుగా అక్కడికి వెళ్లాలన్నది అనుకున్న పద్ధతి.

మట్టి మెత్తగా ఉండి గడ్డపార సులువుగానే దిగింది. లోతు కూడా ఎక్కువ లేదు. జ్వరంతో ఒక్క మనిషి తవ్విన గొయ్యి మరి. యోహన్ తెల్లబట్ట పరిచాడు. ఎముకలు మట్టిరంగుకి తిరిగి, ఒకదాన్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. గాజు పెంకులు దొరికాయి, ఆకుపచ్చవీ ఎర్రవీ. వాటి నడుమ వేళ్లంతేసి సన్నని ఎముకలు.

కూలీ నడుం ఎత్తి, తన భాషలో, "మీవి ఏవి?" అని అడిగాడు. సింహాచలం తెలుగులో చెప్పబోయాడు గాని అమ్మకు అప్పటికే అర్థమైంది. 

ఆమె గోతి అంచున కూర్చుని చాలాసేపు చూసింది. అప్ప చేతికి ఏ రంగు గాజులుండేవో ఆమెకు గుర్తులేదు. పైడమ్మకూ తన తల్లి గాజులు గుర్తులేవు. 

"అన్నీ తీసుకెళ్లిపోదాం అమ్మా" అంది పైడమ్మ. "మా అమ్మకీ నిప్పు దక్కుతాది."

"ఆ సాయిబు పిల్లో?" అంది అమ్మ. "వోళ్లలో నిప్పు పెట్టరు కదా. ఆ తండ్రి ఎక్కడున్నాడు?"

"ఖరగ్‌పూర్ బదిలీ అయిపోనాడు. ఉన్నాడో నేడో తెలీదు."

"ఎక్కడున్నా, నా పిల్ల మట్టిలో ఉందనే అనుకుంటాడు కదేటి."

చిన్నవి వేరుగా తీయవచ్చేమోనని సింహాచలం అన్నాడు. కూలీ ఒకటి రెండు ఏరాడు. సన్నవన్నీ పసిదానివో, కొన్ని పెద్దవాళ్ల వేళ్లో ఎవరు చెప్పగలరు? అమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "ఏరకు నాయనా" అంది. "ఇన్నేళ్లూ ఆ పసిదాన్ని మధ్యన పెట్టుకుని పడుకున్నారు. ఇప్పుడు నానొచ్చి ఇడదీస్తానేటి? గోడ లోపల పెట్టీండి. ముగ్గుర్నీ."

కూతురికి నిప్పు పెట్టించడానికే అంత దూరం వచ్చిన మనిషి ఆ మాట అంది. యోహన్ పరుగున వెళ్లి పాదిరీగారి సెలవు తెచ్చాడు. ఇప్పటి పాదిరీ కుర్రవాడు. వెనక గోడ వెంబడి చోటు ఇచ్చాడు. తెల్లబట్టలో ముగ్గుర్నీ కలిపి ఉంచి మట్టి కప్పాం. యోహన్ తన ప్రార్థన తాను చేసుకున్నాడు. పైడమ్మ ప్రమిద తెచ్చి వెలిగించింది. పాపం సాయిబు పిల్లకు ఏం చెయ్యాలో మాలో ఎవరికీ తెలియలేదు. నరసు వెళ్లి కొన్ని పూలు తెచ్చి చల్లింది.

మర్నాడు అటు వెళితే బండ్లలోంచి మట్టి దింపి ఆ వరసంతా చదును చేస్తున్నారు. తమవాళ్లను తీసుకోవడానికి మేము గాక ఇంకో రెండు మూడు ఇళ్లవాళ్లు వచ్చారట. మిగతా మిట్టలకు ఎవరూ రాలేదు. రావడానికి వాళ్ల మనుషులు ఉన్నారో, లేరో. గోడ లోపలి వాళ్ల సంగతి రాళ్లయినా చెబుతాయి. బయట పడుకున్నవాళ్లు బొగ్గు మోసినవాళ్లు, పట్టాలు బిగించినవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు. వాళ్ల పేర్లు అడుగుదామన్నా మనిషి లేడు. నేను బళ్లో పిల్లలకు చరిత్ర పాఠం చెబుతాను. ఆ మట్టి పడుతున్నంతసేపూ అక్కడ ఊరికే నిలబడ్డాను.

అర్పా ఒడ్డు బజారు

బయల్దేరే ముందురోజు అమ్మ బజారుకు తీసుకెళ్లమంది. అర్పా ఒడ్డున సంత. ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లు మోకాళ్ల కిందికి చీర కట్టి, కాళ్లకు బరువైన కడియాలు, చేతుల నిండా పచ్చబొట్లతో కూర్చుని అమ్ముతారు. మన అరిసెల్లాంటివే అక్కడా ఉన్నాయి. పేరు కూడా దగ్గరే, అయిర్సా అంటారు. అమ్మ అవేవీ చూడలేదు. బెల్తరా నుంచి నేతచీరలు తెచ్చిన ఒక ముసలామె దగ్గర ఆగి, ముదురు నీలం చీర విప్పించి అంచు పట్టి చూసింది.

"బేటీ బర్ లేవత్ హస్ కా, దాయీ?" అని ముసలామె అడిగింది. కూతురి కోసమా అని.

అమ్మకు అందులో బేటీ అన్న మాట ఒక్కటే తెలిసింది. "ఆఁ, బేటీ" అంది.

భర్త పోయిన ఆడదానికి పుట్టింటివాళ్లు చీర తెచ్చి పెట్టడం మన వైపు ఆనవాయితీ. పైడమ్మకు పుట్టిల్లు లేదు. బావ పోయి నెలలు గడిచినా ఆమె భుజాన ఎవరూ ఆ చీర వెయ్యలేదు. సాయంత్రం అమ్మ ఆమెను పీట మీద కూర్చోబెట్టి చీర కప్పి, "నీ పుట్టింటి చీర. ఆలీసం అయిపోనాది" అంది. నేను వచ్చిన దగ్గర్నుంచి కంట తడి పెట్టని పైడమ్మ అప్పుడు అమ్మ ఒళ్లో తలపెట్టి చిన్నపిల్లలా ఏడ్చింది.

"మాతో వచ్చీయండి" అని అమ్మ అడిగింది. పైడమ్మ రాలేనంది. క్వార్టరు వదిలి కుదుదండ్ పేటలో చిన్న గది మాట్లాడుకుంది. నరసుకు ఆ ఊళ్లోనే, షెడ్డులో పనిచేసే పిల్లాడితో సంబంధం కుదిరింది. "నాకు ఇది తప్ప ఊరు తెలీదమ్మా" అంది.

తిరుగు బండి

స్టేషనులో నరసు అమ్మ చెయ్యి పట్టుకుని బండి వెంట కొంత దూరం నడిచింది. "అమ్మమ్మా, ఫిర్ ఆనా, మళ్లీ రా" అంటోంది. వస్తానని అమ్మ అనలేదు. ఆమె మోకాళ్లు ఇక ఆ ప్రయాణానికి ఒప్పవని మా ఇద్దరికీ తెలుసు.

రాయపూర్‌లో బండి మారి ఆడవాళ్ల పెట్టెలో ఎక్కితే లోపల మేము తప్ప ఎవరూ లేరు. బండి కదిలాక, కిటికీలోంచి బయటికి చూస్తూ, "అల్లుడు మంచోడే" అంది.

ఆ మాట విన్నదాన్ని నేనొక్కదాన్నే.